అల్లూరి సీతారామరాజు

అల్లూరి సీతారామరాజు (1897 జూలై 4 - 1924 మే 7) బ్రిటీషు పాలనకు వ్యతిరేకంగా 1922-24 సంవత్సరాలలో విశాఖపట్నం, గోదావరి జిల్లాల మన్యంలో జరిగిన సాయుధ తిరుగుబాటుకు నాయకుడు. ఈ పోరాటం మన్యం తిరుగుబాటుగా, రంప పితూరీగా చరిత్రలో ప్రసిద్ధి పొందింది. గిరిజనుల అండతో, విల్లంబులతోను, పోలీసు స్టేషన్ల నుండి స్వాధీనం చేసుకొన్న తుపాకులతోను సుమారు 20 నెలల పాటు ప్రభుత్వ బలగాలను ఎదిరించి, 27 ఏళ్ళ వయసు నిండక ముందే ప్రాణాలు అర్పించాడు. ఈ పోరాటం సాగినంత కాలమూ కొండ గ్రామాల ప్రజలు ఒకవైపు ప్రభుత్వ దళాలకు, మరొకవైపు తిరుగుబాటు దళానికి నడుమ జీవించవలసి వచ్చింది. రాజు జీవితాన్ని ఆ గ్రామాల జీవితం నుండి విడదీసి అర్థం చేసుకోవడం కష్టం.

జననం, బాల్యం, చదువు

సీతారామరాజు విశాఖపట్నం జిల్లా పాండ్రంగి గ్రామంలో, తన మాతామహుల ఇంట జన్మించాడు. తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. వీరి స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని మోగల్లు. రాజుకు ఒక చెల్లెలు సీతమ్మ, ఒక తమ్ముడు సత్యనారాయణరాజు. ఇతని తొలి పేరు శ్రీరామరాజు. ఆనాటి ప్రభుత్వ పత్రాలలో కూడా రామరాజు అన్న పేరే కనిపిస్తుంది. సీతారామరాజు అన్న పేరు తరువాత వ్యాప్తిలోకి వచ్చింది.

తండ్రి ఛాయాగ్రాహకుడు. రాజమండ్రిలో ఆ వృత్తి చేస్తూ 1908లో మరణించాడు. అప్పటికి రాజు వయసు 11 సంవత్సరాలు. తండ్రి మరణంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది. తహసీల్దారుగా పనిచేస్తున్న పినతండ్రి రామకృష్ణంరాజు ఈ కుటుంబాన్ని ఆదుకొన్నాడు. రాజు చదువు నర్సాపురం, కాకినాడ, తుని, విశాఖపట్నం వంటి పలుచోట్ల సాగింది. కాకినాడలో చదివేటప్పుడు, తరువాతి కాలంలో స్వాతంత్ర్య సమరయోధుడుగా పేరుపొందిన మద్దూరి అన్నపూర్ణయ్య ఇతనికి సహాధ్యాయి. పాఠశాల చదువు మీద రాజుకు ఆసక్తి తక్కువ. గుర్రపు స్వారీ, జ్యోతిషం, నాటు వైద్యం, ఆధ్యాత్మిక విషయాల మీద మక్కువ ఎక్కువ. చివరకు చదువు పూర్తి చేయకుండానే మానివేశాడు.

దేశాటన, మన్యంలో నివాసం

1916లో రాజు ఉత్తర భారతదేశ యాత్రకు బయలుదేరి, పలు పుణ్యక్షేత్రాలను దర్శించాడు. 1917లో తిరిగి వచ్చి, విశాఖ మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరుకొన్నాడు. అక్కడ చిటికెల భాస్కరుడి కుటుంబం ఇతనిని ఆదరించింది. పరిసరాలలోని కొండలలో తపస్సు చేస్తూ, జ్యోతిషం చెబుతూ, రోగులకు మందులు ఇస్తూ ఉండడంతో గిరిజనులు ఇతనిని మహిమ గల వ్యక్తిగా భావించి గౌరవించసాగారు. కొంత కాలానికి తల్లి, తమ్ముడు కూడా వచ్చి ఇతనితో నివసించారు.

మైదాన ప్రాంతానికి చెందిన క్షత్రియ యువకుడు కొండ గ్రామాలకు నాయకుడు కావడానికి ఈ ఐదేళ్ళ సహవాసమే పునాది అయింది. కొండదారులు, కనుమలు, ఏరులు, సంతలు జరిగే చోట్లు, ఏ ముఠాలో ఎవరు పెద్దలో, ఎవరికి ఎవరితో వైరమో ఈ కాలంలోనే రాజు తెలుసుకొన్నాడు.

మన్యం గ్రామాల స్థితిగతులు

గూడెం, రంప ప్రాంతాలలో బగతలు, కొండదొరలు, కొండరెడ్లు, కోయలు, కొండకమ్మరులు మొదలైన తెగల వారు నివసిస్తారు. కొన్ని గ్రామాల సముదాయాన్ని ముఠా అనేవారు. దానికి అధిపతి ముఠాదారు. ముఠాదారులు గ్రామాల నుండి శిస్తు వసూలు చేసి, కట్టుబడి అనే నిర్ణీత మొత్తాన్ని ప్రభుత్వానికి చెల్లించేవారు. ముఠాలో శాంతిభద్రతలు కాపాడడం, నేరాల సమాచారాన్ని అధికారులకు అందించడం కూడా వారి బాధ్యతే. అందువలన ముఠాదారు ఒకే సమయంలో గ్రామానికి పెద్ద, ప్రభుత్వానికి జవాబుదారు. పితూరీ వచ్చినప్పుడల్లా ఈ రెండు పాత్రలు పరస్పర విరుద్ధమయ్యేవి. తిరుగుబాటును ఈ ప్రాంతంలో పితూరీ అని పిలిచేవారు.

గిరిజనుల ప్రధాన జీవనాధారం పోడు వ్యవసాయం. కొండవాలు మీద చెట్లు కొట్టి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిద కలిసిన నేలలో సామ, చోడి, కొర్ర, కంది వంటి పంటలు వేసేవారు. రెండు మూడేళ్ళలో భూసారం తగ్గగానే వేరొక చోటికి మారేవారు. దీనికి తోడు చింతపండు, అడ్డాకులు, కుంకుడు కాయలు, తేనె సేకరించి సంతలో అమ్మి ఉప్పు, బట్ట కొనుక్కొనేవారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఈ జీవన విధానాన్ని దెబ్బతీసింది. రిజర్వు అడవులుగా ప్రకటించిన చోట్ల పోడు నేరమయింది. తమ తాతల కాలం నుండి వాడుకొంటున్న అడవిలో కట్టె కొట్టినందుకు, పశువులను మేపినందుకు గిరిజనులు అటవీ సిబ్బందికి జరిమానాలో లంచమో చెల్లించవలసి వచ్చింది.

అంతకు ముందే 1879-80లో రంప ప్రాంతంలో పెద్ద పితూరీ జరిగింది. రంప మునసబుదారు దోపిడీ, కల్లు గీతపై విధించిన చిగురుపన్ను, పోలీసుల వేధింపులు దానికి ముఖ్య కారణాలు. ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకుల మరణంతో అది అణగారింది. ఆ జ్ఞాపకం 40 ఏళ్ళ తరువాత కూడా గ్రామాలలో సజీవంగా ఉన్నది.

మైదానం నుండి వచ్చిన వ్యాపారుల అప్పులు గిరిజనుల భూములను కబళించాయి. ఏజెన్సీలో గిరిజనుల భూములు ఇతరుల పరం కాకుండా 1917లో ప్రభుత్వం ఒక చట్టం చేసినా, ఆచరణలో దాని ఫలితం స్వల్పం. వీటన్నిటికీ మించి, తిరుగుబాటుకు తక్షణ కారణమైనది రోడ్డు పని. నర్సీపట్నం నుండి లంబసింగి వైపు కొండల మీదకు రోడ్డు నిర్మాణం జరుగుతున్నప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా ఆ పనికి రప్పించేవాడు. ఇస్తామన్న కూలిలో చాలా భాగం వారి చేతికి అందేది కాదు. పంట పనుల కాలంలో మగవారంతా రోడ్డు మీద ఉంటే, ఇంటి వద్ద గింజలు లేని పరిస్థితి ఏర్పడేది. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు కూడా బాస్టియన్ చర్యల వలన నష్టపోయి, రాజుకు ముఖ్య అనుచరులయ్యారు.

తిరుగుబాటుకు పూర్వరంగం

సహాయ నిరాకరణోద్యమ ప్రభావంతో రాజు గిరిజనులకు మద్యం మానుకోమని, కోర్టులకు వెళ్ళకుండా తగవులను పంచాయతీలలోనే పరిష్కరించుకోమని బోధించాడు. దీనిని అనుమానించిన ప్రభుత్వం 1922 ఆరంభంలో ఇతనిపై నిఘా ఉంచి, కొంతకాలం నిర్బంధంలో ఉంచింది. డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ ఇతని పట్ల సానుభూతి చూపి, పైడిపుట్టలో కొంత సాగుభూమి ఇప్పించాడు. నేపాలు యాత్రకు వెళతానని అనుమతి పొంది, 1922 మధ్యలో రాజు తిరిగి గూడెం కొండలకు చేరుకొన్నాడు. గంటందొర, మల్లుదొర, కంకిపాటి ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు తదితరులు ఇతని దళంలో చేరారు. మైదానం నుండి వచ్చిన వేగిరాజు సత్యనారాయణరాజు అగ్గిరాజుగా పేరుపొందాడు.

పోలీసు స్టేషన్లపై దాడులు

1922 ఆగష్టు 22న సుమారు 300 మందితో రాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై దాడులు జరిగాయి. ఈ మూడు దాడులలో 26 తుపాకులు, పెద్ద మొత్తంలో మందుగుండు దళానికి లభించాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించారు. స్వాధీనం చేసుకొన్న ఆయుధాల వివరాలను స్టేషను రికార్డులో రాసి, రాజు సంతకం చేసి వెళ్ళేవాడు. పోలీసులను చంపకుండా వదలివేయడం ఈ దాడుల ప్రత్యేకత. అక్టోబరు నెలలో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లపై కూడా దాడులు జరిగాయి. అయితే ముందుగానే అప్రమత్తమైన అధికారులు అక్కడ ఆయుధాలను దొరకనివ్వలేదు. రాజు ముందుగా కబురు పంపి మరీ దాడి చేసేవాడని, బాణానికి మిరపకాయ కట్టి పంపిన ఆ కబురును మిరపకాయ టపా అనేవారని ప్రజలలో ప్రచారం ఉన్నది.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ప్రభుత్వ దళంపై మాటు వేసి చేసిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు యూరోపియన్ అధికారులు మరణించారు. దారిలో ముందు నడుస్తున్న భారతీయ సిబ్బందిని పోనిచ్చి, వెనుక వస్తున్న అధికారులనే గురిచూసి కాల్చారు. భారతీయులను చంపరాదన్నది రాజు పెట్టుకొన్న నియమం.

ఈ సంఘటనతో ప్రభుత్వం వైఖరి మార్చుకొన్నది. మైదానం నుండి వచ్చిన పోలీసులకు కొండదారులు తెలియవు. చలిజ్వరం వారిని పీడించేది. దానితో, 1921 నాటి మాపిళ్ళ తిరుగుబాటు సందర్భంలో ఏర్పడిన మలబారు ప్రత్యేక పోలీసు దళాన్ని మన్యానికి రప్పించారు. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద, తరువాత లింగాపురం వద్ద జరిగిన పోరాటాలలో రాజు దళానికి తీవ్రమైన నష్టం కలిగింది. ఆ ఒక్క రోజున సుమారు 12 మంది తిరుగుబాటుదారులు మరణించారు. తరువాత నాలుగు నెలల పాటు దళం బయటకు కనిపించలేదు.

ఇరు పక్షాల నడుమ గ్రామాలు

మన్యం పోరాటంలో ఎదురుబొదురు యుద్ధాలు జరిగిన రోజులు చాలా తక్కువ. మిగిలిన కాలమంతా తిండి గింజల కోసం, సమాచారం కోసం, దారి చూపే మనిషి కోసం ఇరు పక్షాలూ గ్రామాలపైనే ఆధారపడ్డాయి.

తిరుగుబాటు దళానికి సరఫరా వ్యవస్థ ఏదీ లేదు. రాత్రివేళ గ్రామానికి వచ్చి భోజనం చేసి, గింజలు తీసుకొని తెల్లవారే లోపు కొండ ఎక్కేవారు. ప్రభుత్వ దళాలు ఎటు కదులుతున్నదీ పశువుల కాపరులు, సంతకు వెళ్ళి వచ్చేవారు దళానికి తెలియజేసేవారు. రాజుపై గిరిజనులకు గల భక్తి ఇందుకు ప్రధాన కారణం. తూటాలు ఇతనిని తాకలేవని కూడా పలువురు నమ్మారు. రోడ్డు పని నుండి, అటవీ సిబ్బంది బెడద నుండి విముక్తి లభిస్తుందన్న ఆశ మరొక కారణం. అయితే మద్దతు అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. ఈ తిరుగుబాటుకు రంప పేరు స్థిరపడినా, గూడెం ముఠాల నుండి లభించినంత సహకారం రంప ప్రాంతం నుండి లభించలేదు. 1879 నాటి పితూరీ తరువాత అణచివేతను చవిచూసిన గ్రామాలు మరొకసారి అటువంటి కష్టాన్ని కొనితెచ్చుకోవడానికి వెనుకాడడం సహజమే.

ప్రభుత్వ దళాలు గ్రామాల సమీపంలో శిబిరాలు వేసేవి. బండ్లు వెళ్ళే దారులు లేనందున సామాను మోయడానికి మనుషులు కావాలి. రోడ్డు పని నుండి తప్పించుకోవాలని కోరిన గిరిజనులే ఇప్పుడు సైనికుల మూటలు మోయవలసి వచ్చింది. దళానికి తిండి పెట్టారన్న అనుమానం మీద గ్రామస్థులను నిర్బంధించడం, సామూహికంగా జరిమానా విధించడం, ధాన్యం పోకుండా కట్టడి చేయడం వంటి చర్యలు జరిగాయి. రాజును పట్టి ఇచ్చినవారికి 10,000 రూపాయల బహుమతి ప్రకటించారు. రోజుకు కొన్ని అణాల కూలి కూడా సరిగా అందని కొండ పల్లెలలో అది ఊహకు అందని సొమ్ము.

ముఠాదారుల స్థితి మరింత ఇరకాటమైనది. దళం కదలికలను తెలియజేయకపోతే ముఠా హక్కు పోతుంది. తెలియజేస్తే సొంత మనుషులకు ద్రోహం చేసినట్లవుతుంది. కొందరు ప్రభుత్వానికి సహకరించారు, కొందరు దళంతో కలిశారు, మరికొందరు ఎవరు వస్తే వారికి తలవంచి కాలం గడిపారు. సమాచారం ఇచ్చిన ప్రతి మనిషినీ ద్రోహి అని గాని, మౌనంగా ఉన్న ప్రతి మనిషినీ వీరుడని గాని నిర్ణయించడం సరికాదు. పంటను, పశువులను, కుటుంబాన్ని కాపాడుకోవడమే వారిలో చాలామందికి ప్రధాన విషయమయింది.

పోరాటం సాగినకొద్దీ దళానికి గింజలు దొరకడం కష్టమయింది. మైదాన ప్రాంత ప్రజలు రాజును అభిమానించినా, ఆయుధాలు పట్టి కలసిరాలేదు. అహింసా సిద్ధాంతానికి కట్టుబడిన కాంగ్రెసు కూడా ఈ పోరాటానికి మద్దతు ఇవ్వలేదు. దానితో పోరాట భారమంతా కొద్దిపాటి కొండ గ్రామాల మీదే పడింది.

చివరి దశ, మరణం

1923 ఏప్రిల్ 17న రాజు కొద్దిమంది అనుచరులతో అన్నవరంలో ప్రత్యక్షమై, అక్కడి దేవాలయాన్ని దర్శించాడు. ప్రజలు ఇతనిని భక్తితో ఆహ్వానించారు. తిరుగుబాటు ముగిసిందని భావిస్తున్న అధికారులకు ఇది ఆశ్చర్యం కలిగించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళం మన్యంలో ప్రవేశించింది. కొండ యుద్ధాలలో ఆరితేరిన ఈ దళాలు చిన్న చిన్న బృందాలుగా విడిపోయి, గ్రామం తరువాత గ్రామం గాలించసాగాయి. ఏప్రిల్ నెలలో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా నియమితుడై, గ్రామాలపై ఒత్తిడిని మరింత పెంచాడు. మే 6న జరిగిన పోరులో అగ్గిరాజు గాయపడి పట్టుబడ్డాడు.

మే 7న మంప గ్రామ సమీపంలో రాజు ప్రభుత్వ దళానికి చిక్కాడు. కొయ్యూరు వద్ద విడిది చేసి ఉన్న మేజర్ గుడాల్ వద్దకు ఇతనిని తీసుకొనిపోయారు. అదే రోజు అక్కడ ఇతనిని విచారణ లేకుండా కాల్చి చంపారు. పారిపోవడానికి ప్రయత్నించడం వలన కాల్చవలసి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. చెట్టుకు కట్టి కాల్చారని ప్రజలు చెప్పుకొంటారు. మృతదేహాన్ని మంచానికి కట్టి కృష్ణదేవిపేటకు తరలించి, ఫోటో తీయించి, అక్కడే దహన సంస్కారాలు జరిపారు.

రాజు పట్టుబడిన తీరుపై మన్యంలో మరొక కథనం వ్యాప్తిలో ఉన్నది. తన ఆచూకీ కోసం ప్రభుత్వం గ్రామస్థులను హింసించడం చూడలేక రాజు లొంగిపోవడానికి నిశ్చయించుకొన్నాడని, తనను పట్టి ఇచ్చి బహుమతి తీసుకోమని మంప మునసబును కోరాడని, అతడు అందుకు నిరాకరించాడని, చివరకు ఒక పశువుల కాపరి ద్వారా తానే కబురు పంపాడని ఆ కథనం సారాంశం. అధికారిక పత్రాలు దీనిని సమర్థించవు. అయినా గ్రామాలు అనుభవించిన బాధ, బహుమతికి ఆశపడని మనిషి, ప్రజల కష్టానికి తనను తాను బాధ్యుడిగా భావించిన నాయకుడు ఈ కథనంలో కనిపిస్తారు. మన్యం ప్రజలు ఆ రెండేళ్ళను ఏ విధంగా గుర్తుంచుకొన్నారో తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

తిరుగుబాటు అనంతరం

1924 జూన్ నెలలో గంటందొర పోలీసు కాల్పులలో మరణించాడు. మిగిలిన వారు పట్టుబడడంతో తిరుగుబాటు ముగిసింది. దీనిని అణచడానికి ప్రభుత్వం సుమారు 40 లక్షల రూపాయలు ఖర్చు చేసిందని అంచనా. అనేకులకు కఠిన శిక్షలు పడ్డాయి. అగ్గిరాజును అండమానుకు పంపారు. మల్లుదొరకు విధించిన మరణశిక్షను ద్వీపాంతరవాస శిక్షగా మార్చారు. మల్లుదొర విడుదలై తిరిగి వచ్చి, 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో విశాఖపట్నం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

గ్రామాల కష్టాలకు మూలమైన అడవి, భూమి సమస్యలు మాత్రం వెంటనే తీరలేదు. ఏజెన్సీ భూముల బదలాయింపుపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1959లో, 1970లో నిబంధనలు చేసింది. అడవిలో సాగు చేసుకొనే గిరిజనుల హక్కులను గుర్తించే చట్టాన్ని పార్లమెంటు 2006లో ఆమోదించింది. రాజు మరణానికి, ఆ చట్టానికి మధ్య 82 సంవత్సరాలు గడిచాయి.

స్మృతి

సాయుధ మార్గాన్ని అంగీకరించకపోయినా, రాజు ధైర్యాన్ని, త్యాగాన్ని 1929లో గాంధీజీ ప్రశంసించాడు. కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉన్నది. 1974లో కృష్ణ కథానాయకుడుగా నిర్మించిన అల్లూరి సీతారామరాజు చలనచిత్రం ఇతని కథను తెలుగువారి ఇంటింటికీ చేర్చింది. 1986లో భారత తపాలా శాఖ ఇతని స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే సంవత్సరం జూలై 4న భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు.

చింతపల్లి, కొయ్యూరు, మంప వంటి గ్రామాల పేర్లు రాజు పేరుతో పాటు చరిత్రకెక్కాయి. రాజుకు అన్నం పెట్టినవారు, దారి చూపినవారు, అందుకు శిక్ష అనుభవించినవారిలో అత్యధికుల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.